సాంచా ఆగినా తారీఖు ఆగదు

మీ ఇంట్లో గోడకు క్యాలెండరు ఉన్నదా? ఒకసారి దాని దగ్గరికి వెళ్లి చూడండి. పాలు పోయించుకోని రోజు మీద సున్నా చుట్టి ఉంటుంది. గ్యాసు బండ వచ్చిన రోజు రాసి ఉంటుంది. సంఘం కిస్తీ కట్టే రోజు, చిట్టీ పాట రోజు కూడా ఉంటాయి. ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే మనం రాసుకుంటున్నాం. తప్పితే నష్టం మనకే అని తెలుసు కాబట్టి.

సొంత పని చేసుకొని బతికేవాళ్లకు ఇంకొన్ని తారీఖులు ఉంటాయి. అవి పన్నుల తారీఖులు. చాలా ఇళ్ల క్యాలెండర్ల మీద ఇవి కనబడవు. "అవన్నీ లెక్కలు రాసే తమ్మి చూసుకుంటడు" అంటారు.

నౌకరీ చేసేవాళ్లకు జీతంలోనే పన్ను కోస్తారు. కాగితాలు తెమ్మని ఆఫీసే గుర్తు చేస్తుంది. సిరిసిల్లలో సాంచాలు నడిపే ఆసామికి ఎవరు గుర్తు చేస్తారు? కోరుట్లలో బట్టల దుకాణం పెట్టుకున్న అక్కకు? జగిత్యాలలో వెల్డింగ్ షాపు పెట్టుకున్న అన్నకు? ఫోనుకు మెసేజి వస్తుంది. అది ఇంగ్లీషులో వస్తుంది.

ఈ ముగ్గురి సంగతి చూద్దాం. వీళ్లకు పేర్లు పెట్టలేదు. ఇలాంటివాళ్లు మీ వాడలోనే ఉంటారు. మీరే పేరు పెట్టుకోండి.

సిరిసిల్ల ఆసామి

ఆసామి అంటే ఎవరో సిరిసిల్లలో అందరికీ తెలుసు. తెలియనివాళ్ల కోసం చెప్పాలి. సాంచా అంటే మరమగ్గం. ఆసామికి సొంతంగా కొన్ని సాంచాలు ఉంటాయి. నూలు సేటు ఇస్తాడు. బట్ట నేసి ఇస్తే మీటరుకు ఇంత అని కూలి కట్టిస్తాడు. అందులో నుంచి ఆసామి కార్మికులకు కూలి ఇవ్వాలి. కరెంటు బిల్లు కట్టాలి. మిగిలిందే తనది. అంటే ఆసామి సగం యజమాని, సగం కూలివాడు.

2017లో సిరిసిల్లకు బతుకమ్మ చీరల పని వచ్చింది. 2023 దాకా ఏటా వచ్చింది. 2024లో ఆ చీరల పంపిణీ జరగలేదు. చాలా సాంచాలు ఆగిపోయాయి. 2025లో మహిళా సంఘాల చీరల పని వచ్చి మళ్లీ నడిచాయి. సిరిసిల్లలో పని ఇట్లనే వస్తుంది, పోతుంది.

మన ఆసామి పని బాగున్నప్పుడు జీఎస్టీ నంబరు తీసుకున్నాడు అనుకుందాం. జీఎస్టీ దేశమంతటా 2017 జులై 1న మొదలైంది. తెలంగాణలో ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు పని చేసేవాళ్లకు మామూలుగా ఈ నంబరు అక్కర లేదు. 2019లో చాలా రాష్ట్రాలు సరుకు అమ్మేవాళ్లకు ఈ హద్దును 40 లక్షలకు పెంచాయి. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. మన ఆసామి పని 20 లక్షలకు చేరలేదు. కానీ "నంబరు ఉంటే పెద్ద పని దొరుకుతది" అని ఎవరో చెప్పారు. తీసుకున్నాడు. అందులో తప్పు లేదు.

తరువాత పని ఆగింది. సాంచాలు బందయ్యాయి. ఆసామి లెక్కలు రాసే తమ్ముని దగ్గరికి పోవడం మానేశాడు. ఒక ఏడాది గడిచింది. కొత్తగా పని వస్తుందని తెలిసి అప్పుడు పోయాడు.

"అన్నా, నాలుగు రిటర్నులు ఆగినయి. ఫైన్ పడ్డది" అన్నాడు తమ్ముడు.

"ఫైన్ ఎందుకు తమ్మీ? సాంచాలే బందున్నయి. ఒక్క బిల్లు కొట్టలేదు. నేను కట్టేదేమున్నది?"

"కట్టేదేం లేదన్నా. కానీ ఏం లేదని చెప్పాలె గదా!"

ఈ ఒక్క మాట బాగా పట్టుకోండి. పన్ను కట్టడం వేరు. లెక్క చెప్పడం వేరు. ఆ లెక్క చెప్పే కాగితాన్నే రిటర్ను అంటారు. పన్ను సున్నా అయినా రిటర్ను వేయాలి. నంబరు ఉన్నన్ని రోజులు వేయాలి. సాంచా ఆగిందని సర్కారు కంప్యూటరుకు తెలియదు. మనం చెబితేనే తెలుస్తుంది.

ఫైన్ ఎంత పడుతుంది? సున్నా రిటర్ను ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు. అది 500 దాకా పెరిగి ఆగుతుంది. అంటే 25 రోజులకే 500 అయిపోతుంది. నాలుగు రిటర్నులకు 2,000. నెలనెలా రిటర్ను వేసే పద్ధతిలో ఉంటే ఏడాదికి పన్నెండు. 6,000 అవుతుంది. పని చేయని ఏడాదికి, ఒక్క రూపాయి రాని ఏడాదికి ఇంత! వ్యాపారం జరిగి కూడా రిటర్ను వేయకపోతే రోజుకు 50 రూపాయలు. చిన్న వ్యాపారికి అది 2,000 దాకా పోతుంది. పైగా కట్టవలసిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ.

ఫైన్‌తోనే అయిపోదు. పాత రిటర్ను వేయకుండా కొత్తది వేయనీయదు. రిటర్నులు ఆగితే బట్టను బండి మీద పంపడానికి కావలసిన ఈ-వే బిల్లు కూడా ఆగుతుంది. ఆరు నెలల రిటర్నులు వరుసగా ఆగితే అధికారులు నంబరునే రద్దు చేయవచ్చు. పని మళ్లీ వచ్చినప్పుడు నంబరు లేకపోతే ఎట్లా? 2025 జులై నుంచి ఇంకో కట్టడి వచ్చింది. గడువు దాటి మూడేళ్లు అయితే ఆ రిటర్ను ఇక వేయడానికే వీలు లేదు.

మరి తారీఖులు ఏవి? ఏడాదికి 5 కోట్ల లోపు వ్యాపారం ఉన్నవాళ్లు మూడు నెలలకు ఒకసారి రిటర్ను వేయవచ్చు. ఈ పద్ధతి 2021 జనవరి నుంచి ఉన్నది. ఇందులో అమ్మకాల చిట్టాకు 13వ తారీఖు, అసలు రిటర్నుకు తెలంగాణలో 22వ తారీఖు. ఏ నెలల్లో? ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి. నాలుగు నెలలే. మిగతా నెలల్లో పన్ను ఉంటే, అప్పటిది 25వ తారీఖు లోపు కడుతూ పోవాలి. నెలనెలా వేసేవాళ్లకు 11, 20 తారీఖులు. మీరు ఏ పద్ధతిలో ఉన్నారో లెక్కలు రాసేవాణ్ని ఇవాళే అడగండి. చాలామందికి ఈ సంగతే తెలియదు.

సున్నా రిటర్నుకు ఎవరి దగ్గరికీ పోనక్కర లేదు. 2020 జూన్ నుంచి ఫోను మెసేజితోనే వేయవచ్చు. 14409 అనే నంబరుకు పంపాలి. మెసేజి ఇంగ్లీషు అక్షరాలలో కొట్టాలి. ముందు నిల్ అనే మాట, తరువాత 3బి, తరువాత మన జీఎస్టీ నంబరు, చివర నెల, సంవత్సరం అంకెలలో. నడుమ నడుమ జాగా వదలాలి. 2025 సెప్టెంబరు అయితే 092025 అని కొట్టాలి. మన ఫోనుకు ఒక కోడ్ వస్తుంది. ఆ కోడ్‌ను అదే నంబరుకు ఎట్లా తిప్పి పంపాలో ఆ మెసేజిలోనే ఉంటుంది. మొదటిసారి ఇంట్లో బడికి పోయే పిల్లను పక్కన కూర్చోబెట్టుకోండి. రెండోసారి మీకే వస్తుంది. అమ్మకాల చిట్టా కూడా సున్నా అయితే ఇట్లాగే పంపవచ్చు.

ఇక సాంచాలు అమ్మేశాం, ఈ పని చేయం అనుకుంటే? నంబరు ఊరికే వదిలేయకూడదు. రద్దు చేయమని దరఖాస్తు పెట్టాలి. రద్దయిన తరువాత మూడు నెలల లోపు ఆఖరి రిటర్ను ఒకటి వేయాలి. చాలామంది ఇది మరిచిపోతారు. దుకాణానికి తాళం వేసి కరెంటు మీటరు వదిలేసినట్టు ఉంటుంది ఆ పని.

కోరుట్ల అక్క

కోరుట్లలో ఒక అక్క చీరలు, జాకెట్టు ముక్కలు అమ్ముతుంది. వెనక గదిలో కుట్టుమిషను. మొదట ఇంట్లోనే అమ్మింది. తరువాత రోడ్డు మీద షెటరు తీసుకున్నది. ఏడాది అమ్మకం 24 లక్షలు అయింది. 20 లక్షలు దాటింది కనుక జీఎస్టీ నంబరు తప్పదు.

చిన్న దుకాణాలకు ఒక సులువైన దారి ఉన్నది. దాన్ని కాంపోజిషన్ అంటారు. ఒక్కొక్క బిల్లు లెక్క చూపనక్కర లేదు. సరుకు అమ్మేవాళ్లు అమ్మకం మీద నూటికి ఒక రూపాయి కడితే చాలు. కానీ ఆ రూపాయి కొనేవాళ్ల దగ్గర పన్ను అని వసూలు చేయకూడదు. మన లాభంలో నుంచే కట్టాలి.

అక్కకు మూడు నెలలకు 6 లక్షల అమ్మకం అయితే పన్ను 6,000. కట్టే గడువు మూడు నెలలు గడిచాక 18వ తారీఖు. అంటే జులై 18, అక్టోబరు 18, జనవరి 18, ఏప్రిల్ 18. జనవరి 18 సంక్రాంతి అయిన మూడు నాలుగు రోజులకే వస్తుంది. అక్టోబరు 18 ఇంకా కష్టం. దసరా, దీపావళి రెండూ ఆ చుట్టుపక్కలనే ఉంటాయి. బట్టల దుకాణంలో అన్నం తినడానికి కూడా తీరని రోజులవి. గల్లాపెట్టెలో పైసలు ఉంటాయి, చేతిలో టైము ఉండదు. అందుకే అక్క ఒక పని చేసింది. అక్టోబరు 5 మీద సున్నా చుట్టింది. గడువు 18 అయినా, తన తారీఖు 5.

నెల రోజులు ఆలస్యమైతే 6,000 మీద వడ్డీ సుమారు 90 రూపాయలు. అంతేనా అనిపిస్తుంది. అసలు ఇబ్బంది వేరే ఉన్నది. పండుగ తరువాత సూరత్ సరుకు బాకీ కట్టేస్తే పన్ను పైసలు అందులోనే పోతాయి. మళ్లీ 6,000 పోగు చేయాలంటే మిత్తికి తేవాలి. నూటికి రెండు రూపాయల మిత్తి ఎంతో మీకే తెలుసు. అక్క వారం వారం అమ్మకంలో నూటికి రూపాయి తీసి వేరే డబ్బాలో వేస్తుంది. ఆ డబ్బా మీద "ఇది మనది కాదు" అని చాక్‌పీసుతో రాసింది. ఆమె రాత్రి బడిలో చదువుకున్నది లెండి.

ఇవి కాక ఏడాదికి ఒక పెద్ద రిటర్ను కూడా వేయాలి. ఇంతకుముందు దాని గడువు ఏప్రిల్ 30. 2024-25 సంవత్సరం నుంచి జూన్ 30 చేశారు. ఇట్లా తారీఖులు మారుతుంటాయి. అందుకే కొత్త క్యాలెండరు గోడకు పెట్టిన రోజే తారీఖులు మళ్లీ అడిగి రాసుకోవాలి. పాతవి చూసి ఎక్కించకూడదు.

పన్ను సంవత్సరం మన ఉగాదికి మొదలు కాదు, జనవరికీ కాదు. ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. కొందరు సేట్లు దీపావళికి కొత్త ఖాతా పుస్తకం తెరుస్తారు. అది వాళ్ల ఆనవాయితీ. సర్కారు లెక్కకు దానితో పని లేదు.

జగిత్యాల అన్న

జగిత్యాల వైపు గల్ఫ్‌కు పోని ఊరు లేదు. ఒక అన్న దుబాయిలో వెల్డింగ్ పని చేసి వాపసు వచ్చాడు. ఇక్కడ షాపు పెట్టాడు. గేట్లు, కిటికీలు, రేకుల షెడ్లు చేస్తాడు. ఏడాదికి 20 లక్షలు దాటదు. కనుక జీఎస్టీ బాధ లేదు. "నాకు పన్నే లేదు, తారీఖు ఎందుకు?" అంటాడు.

అన్న ఒక కాంట్రాక్టరు కింద ఏడాదిలో 6 లక్షల పని చేశాడు. చేతికి 5,94,000 వచ్చింది. మిగతా 6,000 ఏమైంది? కాంట్రాక్టరు నూటికి ఒక రూపాయి కోసి, అన్న పాన్ నంబరు మీద సర్కారుకు కట్టాడు. దీన్ని టీడీఎస్ అంటారు. పాన్ నంబరు ఇవ్వకపోతే నూటికి 20 కోస్తారు. అప్పుడు 6 లక్షల్లో 1,20,000 పోతుంది. కాబట్టి పాన్ ఇవ్వడానికి వెనకాడకూడదు.

ఆ 6,000 పన్ను కింద పోయినట్టేనా? కాదు. అవి అన్న పైసలే. చిన్న వ్యాపారాలకు ఆదాయపు పన్నులో ఒక సులువు లెక్క ఉన్నది. నగదు పనికి నూటికి కనీసం 8, బ్యాంకు ద్వారా వచ్చిన దానికి కనీసం 6 రూపాయలు ఆదాయం అని చూపవచ్చు. నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలి. ఎట్లా చూసినా అన్న ఆదాయానికి పన్ను పడదు. కాబట్టి కోసిన 6,000 వాపసు రావాలి. కానీ అడిగితేనే వస్తుంది. అడగడం అంటే రిటర్ను వేయడమే.

దీనికి గడువు ఎన్నో ఏళ్లు జులై 31గా ఉండేది. కొన్ని ఏడాదులు పొడిగిస్తారు. 2025లో సెప్టెంబరు 16 దాకా పొడిగించారు. పొడిగింపు మీద ఆశ పెట్టుకోవడం మంచిది కాదని నాకు అనిపిస్తుంది. పొడిగించిన సంగతి మనకు తెలిసేసరికి అది కూడా దగ్గర పడుతుంది. జులై నెలాఖరునే గడువు అని రాసుకోండి. ముందే వేస్తే ఎవరూ వద్దనరు. గడువు తప్పితే డిసెంబరు 31 దాకా ఆలస్యంగా వేయవచ్చు. పన్ను పడేంత ఆదాయం ఉన్నవాళ్లకు అప్పుడు 1,000 లేదా 5,000 ఫైన్ ఉంటుంది. డిసెంబరు 31 కూడా దాటితే మామూలుగా ఆ 6,000 మీద ఆశ వదులుకోవలసిందే.

మన అన్నకు ఇది తెలిసింది బ్యాంకులో. పెద్ద మిషను కొనడానికి లోను అడిగాడు. "గత రెండు మూడేళ్ల రిటర్నులు తెండి" అన్నారు. ఒక్కటీ లేదు. మిషను వస్తే ఇద్దరు పిల్లగాండ్లకు పని ఇవ్వవచ్చని అనుకున్నాడు. పన్ను లేని పాత ఏళ్ల రిటర్నులు ఇప్పుడు వేద్దామంటే వీలు పడదు. ఆ ఏడాది నుంచి వేయడం మొదలు పెట్టాడు. మిషను రెండేళ్లు వెనక్కి పోయింది. గల్ఫ్‌లో పదేళ్లు కష్టపడి కూడబెట్టిన నమ్మకం ఒక కాగితం లేక కౌంటరు ముందు నిలబడిపోయింది.

రిటర్ను వేశామంటే అయిపోలేదు. వేసిన 30 రోజుల లోపు "ఇది నేనే వేశాను" అని ఆధార్ ఓటీపీతో ఖాయం చేయాలి. చేయకపోతే అసలు వేయనట్టే. "వేసిన అన్నా" అని కుర్రాడు చెప్తాడు. "ఖాయం కూడా అయిందా తమ్మీ?" అని మీరు అడగాలి.

పన్ను పడేంత ఎక్కువ ఆదాయం వచ్చేవాళ్లకు ఇంకో తారీఖు ఉన్నది. మార్చి 15. ఏడాది పన్ను 10,000 లేదా అంతకన్నా ఎక్కువ అయ్యేటట్టు ఉంటే, సులువు లెక్క వాళ్లు ఆ రోజులోగా ముందుగానే కట్టాలి.

జగిత్యాల అంటే మామిడి కూడా గుర్తుకు వస్తుంది. సొంత తోట కాయ అమ్ముకునే రైతు ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. చల్‌గల్ మార్కెట్లో కొని ఢిల్లీకి పంపే వ్యాపారి ఆదాయం వ్యవసాయం కాదు, వ్యాపారం. ఇద్దరి చేతుల్లో ఉన్నది ఒకే మామిడికాయ.

ఇంటి పన్ను సంగతి మీకు తెలిసిందే. మున్సిపాలిటీకి ఆరు నెలలకు ఒకసారి కట్టాలి. ఏప్రిల్‌లో ఏడాది మొత్తం ఒకేసారి కట్టినవాళ్లకు చాలా ఏళ్లు నూటికి 5 రూపాయలు తగ్గించారు. షాపు ఉంటే ట్రేడ్ లైసెన్సు కూడా చూసుకోండి. అది మార్చి 31తో ముగుస్తుంది.

నోటుబుక్కులో ఏం రాయాలి

పది రూపాయల నోటుబుక్కు చాలు. ఒక పేజీకి నాలుగు గీతలు కొట్టండి. మొదటి గడిలో తారీఖు. రెండో గడిలో దేనికి. మూడో గడిలో ఎంత కట్టాను, సున్నా అయితే సున్నా. నాలుగో గడిలో రసీదు నంబరు. జీఎస్టీ రిటర్ను వేసిన ప్రతిసారి ఒక రసీదు నంబరు వస్తుంది. దాన్ని ఏఆర్ఎన్ అంటారు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ పని కాలేదని లెక్క. ఎవరు ఎన్ని చెప్పినా సరే.

లెక్కలు రాసే తమ్ముళ్లలో మంచివాళ్లే ఎక్కువ. కానీ ఒక్కొక్కరి చేతిలో వందల పాన్ నంబర్లు ఉంటాయి. పని ఒత్తిడిలో మీది మరిచిపోవచ్చు. కొందరు రిజిస్ట్రేషన్ చేసేటప్పుడు మీ ఫోను నంబరుకు బదులు వాళ్ల నంబరు పెడతారు. పని సులువు అవుతుందని. అప్పుడు సర్కారు పంపే నోటీసు, గడువు మెసేజి, ఓటీపీ అన్నీ వాళ్లకే పోతాయి. మీకు ఏమీ తెలియదు. అడిగి మీ నంబరు పెట్టించుకోండి. పాస్‌వర్డ్ కూడా మీ నోటుబుక్కులో ఉండాలి. అడగడానికి మొహమాటపడవద్దు. ఆ వ్యాపారం మీది, సంతకం మీది, ఫైన్ కూడా మీదే.

మెసేజి ఇంగ్లీషులో ఉంటుందని మొదట చెప్పుకున్నాం. మెసేజిలో మాటలు రాకపోయినా అంకెలు వస్తాయి. తారీఖు అంకెలలోనే ఉంటుంది. ముందు అంకెలు చదవండి. ఆ తారీఖు మీ నోటుబుక్కులో ఉన్నదా చూడండి. లేకపోతే మెసేజి తీసుకుపోయి చూపించండి. ఏదో కంపెనీ మెసేజి అనుకొని చెరిపేయకండి.

ఆఖరి రోజు దాకా ఆగవద్దు. ఆ రోజు దేశమంతా అదే పని మీద ఉంటుంది. కంప్యూటరు నడవదు, ఓటీపీ రాదు.

ఇంకా అనుమానం ఉంటే ఊరికే ఫోను చేసి అడగవచ్చు. జీఎస్టీకి 1800 103 4786. ఆదాయపు పన్నుకు 1800 103 0025. ఈ నంబర్లకు మీరు చేస్తే పైసలు పడవు. కానీ "పన్ను ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా మీకే ఫోను చేస్తే చెప్పకండి. పెట్టేయండి.